పదివేల సరస్సుల సీమలో ఒక కెప్టెన్ కథ

బరంపురంలో పుట్టి, ఖల్లికోట కళాశాలలో బి.కాం. చదివి, ముప్పయ్యేళ్ళకు పైగా బ్యాంకులో లెక్కలు చూసుకుంటున్న నాబోటివాడికి మంచుగడ్డ అంటే తెలిసింది రెండే రెండు చోట్ల. ఒకటి, ఎండాకాలం పెద్దబజారులో బండిమీద అమ్మే రంగునీళ్ళ ఐసు. రెండోది, గోపాలపురం చేపలు బుట్టల్లో వచ్చినప్పుడు పైన కప్పే ఐసు దిమ్మ. అలాంటివాణ్ణి ఐసుమీద పరుగెత్తే ఆట గురించి నాలుగు పేజీలు రాస్తానని ఎవరైనా అని ఉంటే, ముందు నా శ్రీమతే నవ్వేది.

ఇదంతా మా అమ్మాయి చలవ. పెళ్ళయిన కొత్తలోనే అల్లుడి ఉద్యోగరీత్యా అమెరికా వెళ్ళి, మిన్నెసోటా రాష్ట్రంలో స్థిరపడింది. "నాన్నా, ఎప్పుడు పిలిచినా ఆడిట్ అంటారు, ఇన్‌స్పెక్షన్ అంటారు. ఈ సంక్రాంతి మాత్రం ఇక్కడే చెయ్యాలి" అని పట్టుబట్టింది. నిల్వ ఉన్న సెలవులో ఐదు వారాలు ఖర్చు రాసి, 2023 డిసెంబరు మధ్యలో దంపతులం బయల్దేరాం. భువనేశ్వర్ నుంచి ఢిల్లీ, అక్కణ్ణించి ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా మినియాపొలిస్. పెట్టెలో సగం బరువు ఆవకాయ, సున్నుండలదే. మిగతా సగం మా ఆవిడ కొన్న ఉన్ని బట్టలది.

మంచు లేని చలికాలం

మిన్నెసోటా అమెరికా ఉత్తరపు అంచున, కెనడాని ఆనుకుని ఉన్న రాష్ట్రం. కార్ల నంబరు పలకలమీద కూడా "పదివేల సరస్సులు" అని రాసి ఉంటుంది. నిజానికి లెక్క పెడితే అవి పదకొండు వేల పైచిలుకట. లెక్క తక్కువ చేసి చెప్పుకునే రాష్ట్రాన్ని నేను అక్కడే చూశాను! మినియాపొలిస్, సెయింట్ పాల్ అనే జంట నగరాలు మిస్సిసిపీ నదికి అటూ ఇటూ పెరిగాయి, మన హైదరాబాదు, సికింద్రాబాదుల మాదిరి. సెయింట్ పాల్‌కి దక్షిణంగా, విమానాశ్రయానికి దగ్గర్లో ఈగన్ అనే ఊరుంది. మా అమ్మాయి వాళ్ళుండేది అక్కడే. విశాలమైన రోడ్లు, ప్రతి మలుపులో ఒక చెరువు, చెరువు చుట్టూ ఆకు రాల్చిన చెట్లు. మనిషి మాత్రం కనిపించడు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి.

తీరా వెళ్ళాక చూస్తే మంచే లేదు. ఆ డిసెంబరు అక్కడివాళ్ళకి గుర్తున్నంతలో అంత వెచ్చగా ఎప్పుడూ లేదట. క్రిస్మస్ నాడు మంచుకి బదులు వాన కురిసింది. చెరువులు పూర్తిగా గడ్డ కట్టలేదు. పైన పల్చని పొర, కింద నీళ్ళు. "దయచేసి ఐసుమీదికి వెళ్ళకండి" అని ఒడ్డున బోర్డులు. మా మనవరాలికి ఏడేళ్ళు. రోజూ బడినుంచి రాగానే కిటికీలోంచి చెరువుని చూసి నిట్టూర్చేది. మన ఊళ్ళో ఆషాఢం వెళ్ళినా వాన పడకపోతే రైతు ఆకాశంకేసి చూస్తాడే, అచ్చం అలాగ.

"చెరువు గడ్డ కట్టకపోతే దీనికేమిటమ్మా నష్టం?" అని అడిగాను.

"అది హాకీ ఆడుతుంది నాన్నా" అంది మా అమ్మాయి, గిన్నెలు సర్దుతూ. నా వంక చూడలేదు.

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఈగన్ రింకులో

చెరువు లేకపోతేనేం, ఊరి పురపాలక సంఘం వారి రింకు ఉంది. ఈగన్ సివిక్ అరీనా అంటారు. బయటినుంచి చూస్తే మన ధాన్యం గోదాములా ఉంటుంది. లోపల మాత్రం ఏడాదిలో చాలా భాగం చలికాలమే. నేల కింద వరసగా గొట్టాలు, వాటిలో బాగా చల్లబరిచిన ద్రవం ప్రవహిస్తూ ఉంటుంది. పైన నీళ్ళు పొరలు పొరలుగా పోసి గడ్డ కట్టిస్తారు. ఆట మధ్యలో జాంబోనీ అనే బండి ఒకటి వచ్చి, గీతలు పడ్డ మంచుని చెక్కి, వేడినీళ్ళు పోసి అద్దంలా చేసి వెడుతుంది. అలుకు పెట్టిన వాకిలిలాగ. ఆ బండిని చూడటానికే సగం మంది పిల్లలు వస్తారు, నేనూ వాళ్ళలో చేరిపోయాను.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మైదానం రమారమి రెండొందల అడుగుల పొడవు, ఎనభై అయిదు అడుగుల వెడల్పు. గోల్ కీపరుతో కలిపి ఒక్కొక్క జట్టుకి ఆరుగురే. బంతికి బదులు రబ్బరు బిళ్ళ, దాన్ని పక్ అంటారు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం. ఎగిరి పడకుండా ఉండాలని దాన్ని కూడా ముందుగా గడ్డ కట్టిస్తారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. అయితే గోల్ కీపరు తప్ప ఏ మనిషీ సాధారణంగా నిమిషానికి మించి ఐసుమీద నిలవదు. ఒక విడత బలమంతా ఖర్చుపెట్టి బెంచీకి వచ్చేస్తుంది, ఇంకొకరు దూకుతారు. తప్పు చేసినవారిని రెండు నిమిషాలపాటు ఒక గదిలో కూర్చోబెడతారు. మన బళ్ళో గోడకుర్చీ లాంటిదన్నమాట.

మొదటిరోజు నేను బెంచీమీద వణుకుతూ కూర్చుంటే, పక్కనున్న పెద్దాయన తన ఫ్లాస్కులో కాఫీ నాకూ పోశాడు. విమానాల కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడట. ఆయన మనవరాలూ అదే జట్టులో ఉంది. నేను కొత్తవాణ్ణని తెలిసి ఆయన అందుకున్న మొదటి సంగతి వాతావరణం కాదు, ఒక మనిషి పేరు. "నాటలీ డార్విట్జ్ పేరు విన్నావా? ఈ ఊరి పిల్లే."

నేను వినలేదన్నాను. ఆయన కాఫీ పక్కన పెట్టి, మన పల్లెల్లో పెద్దలు అల్లూరి సీతారామరాజు గురించి మొదలుపెట్టినట్టు, మొదలుపెట్టాడు. ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివి సరిచూసుకుందీ కలిపి రాస్తున్నాను.

ఈగన్ పిల్ల

నాటలీ డార్విట్జ్ 1983 అక్టోబరు 13న సెయింట్ పాల్‌లో పుట్టింది, ఈగన్‌లో పెరిగింది. చిన్నతనంలో మగపిల్లల జట్లలోనే ఆడింది. మిన్నెసోటాలో ఐస్ హాకీ మనకి క్రికెట్ లాంటిది. కానీ ఆడపిల్లల హాకీకి హైస్కూలు క్రీడగా అధికారిక గుర్తింపు వచ్చింది 1994లోనే. అలా గుర్తించిన మొదటి రాష్ట్రం ఇదే. ఒలింపిక్స్‌లో మహిళల ఐస్ హాకీ ప్రవేశించింది 1998లో, జపానులోని నగానోలో. అంటే ఆ పిల్ల ఎదుగుతూంటే, ఆమె ముందు తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటూ వచ్చాయి.

ఏడో తరగతిలోనే ఈగన్ హైస్కూలు పెద్ద జట్టులో చేరి, నాలుగు సీజన్లలో మూడు వందలకు పైగా గోల్స్ కొట్టింది. పదిహేనో ఏట అమెరికా జాతీయ జట్టుకి ఎంపికైంది. అప్పటికి ఆ జట్టులో అంత చిన్నవయసు వాళ్ళెవరూ లేరు. పద్దెనిమిదో ఏట, 2002లో సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో రజతం. అదే సంవత్సరం మిన్నెసోటా విశ్వవిద్యాలయం రిడ్డర్ అరీనా తెరిచింది. అమెరికాలో కళాశాల మహిళల హాకీ కోసమే ప్రత్యేకంగా కట్టిన మొదటి రింకు అది. ఆ ఏడే ఆమె అక్కడ చేరింది. 2004లో, 2005లో ఆ జట్టు జాతీయ విజేత. 2005 ఫైనల్లో హార్వర్డ్ మీద 3–3 దగ్గర ఆట నిలిచి ఉండగా, ఇంకా ఒక నిమిషం ఎనిమిది సెకన్లు ఉందనగా గెలుపు గోలు కొట్టింది డార్విట్జే. ఆ ఒక్క సీజన్లో ఆమె సాధించిన పాయింట్లు 114, కళాశాల మహిళల హాకీలో అది రికార్డు. గోలు కొడితే ఒక పాయింటు, గోలుకి అందించినా ఒక పాయింటు. ఈ రెండో మాటని నేను నా డైరీలో రాసుకున్నాను. మా బ్యాంకులో ఖాతా తెరిచినవాడికే మెప్పు, కస్టమర్ని తలుపుదాకా తీసుకొచ్చినవాడికి ఏమీ ఉండదు!

అమెరికా మహిళలు మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన 2005లో ఆమె జట్టులో ఉంది. 2008లో, 2009లో మళ్ళీ స్వర్ణం. 2006 ట్యూరిన్ ఒలింపిక్స్‌లో కాంస్యం. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌కి ఆమే కెప్టెన్. ఐస్ హాకీలో కెప్టెన్ అంటే చొక్కామీద "సి" అన్న అక్షరం కుట్టి ఉంటుంది. రిఫరీతో వాదించే హక్కు ఆ అక్షరం ఉన్నవారిది. మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. ఆ ఫిబ్రవరి 25న ఫైనల్లో కెనడా 2–0తో గెలిచింది. రెండు గోల్సూ కొట్టింది పద్దెనిమిదేళ్ళ పిల్ల, మరీ ఫిలిప్ పూలాన్. 1991లో పుట్టింది, మా అమ్మాయి ఈడుదే. కెప్టెన్ మెడలో మళ్ళీ రజతమే పడింది. మూడు ఒలింపిక్స్ ఆడి స్వర్ణం లేకుండానే ఆమె ఒలింపిక్ ఆట ముగిసింది.

"మరి తర్వాత?" అని అడిగాను. బ్యాంకువాడి ప్రశ్న ఇంతకన్నా వేరే ఉండదు.

ఆయన రింకువైపు చూపించాడు. "తర్వాత పిల్లలకి నేర్పింది."

నేనూ అటు చూశాను. ఐసుమీద ఇరవైమంది బొమ్మల్లాంటి పిల్లలు పడుతూ లేస్తూ ఉన్నారు. వాళ్ళ మధ్య ముగ్గురు నలుగురు తల్లిదండ్రులు నేర్పుతున్నారు. అందులో ఒకావిడ వంగి, ఒక పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టి, తల పైకెత్తిస్తోంది. "తల ఎత్తి ఆడు, బిళ్ళకేసి కాదు, మనిషికేసి చూడు" అంటోంది ఇంగ్లీషులో. ఆ గొంతు మా అమ్మాయిది.

అది స్కేట్లమీద నిలబడటం నేర్చుకున్నది ముప్పయ్యేళ్ళు నిండాక. కూతురికోసం. ఆ సంగతి నాకు అంతవరకూ చెప్పలేదు.

రూర్కెలా రోజులు

ఇక్కడ నా కథ కొంత చెప్పాలి. 2004లో నాకు రూర్కెలా బదిలీ అయింది. అది ఉక్కు కర్మాగారపు ఊరు మాత్రమే కాదు, హాకీ పుట్టిల్లు కూడా. సుందర్‌గఢ్ జిల్లా పల్లెల్లో వెదురుకర్ర వంచి హాకీ ఆడే పిల్లలు, మేకని బహుమతిగా పెట్టి ఆడే పోటీలు నేను కళ్ళారా చూశాను. దీప్ గ్రేస్ ఎక్కా, సునీతా లాక్రా, లిలిమా మింజ్ వంటి భారత జట్టు ఆడపిల్లలు ఆ జిల్లావాళ్ళే. 2023 జనవరిలో పురుషుల ప్రపంచ కప్ పోటీల్లో కొంత భాగం అక్కడి బిర్సా ముండా స్టేడియంలో జరిగింది.

మా అమ్మాయి ఆ ఊరి బళ్ళో ఎనిమిదో తరగతిలో చేరింది. ఆరు నెలల్లో స్కూలు జట్టులోకి వచ్చింది. తొమ్మిదిలో దానికి కెప్టెన్ ఇచ్చారు. వాళ్ళ డ్రిల్ మాస్టారు ఒక సాయంత్రం మా క్వార్టర్సుకి వచ్చి, "బాబూ, ఈ పిల్లని రెండేళ్ళు నాకు వదిలెయ్యండి" అన్నారు. నేను కాఫీ ఇచ్చి పంపాను. పదో తరగతిలోకి రాగానే హాకీ కర్ర తీసి అలమారా మీద పెట్టాను. "ఆడి ఏం తింటావు? తర్వాత ఏమిటి?" అన్నాను. అది ఏడవలేదు, వాదించలేదు. మర్నాటినుంచి పుస్తకం పట్టుకుంది. మంచి మార్కులే వచ్చాయి. నేను చేసింది రైటేనని ఆ మార్కుల కాగితాన్ని నలుగురికీ చూపించాను.

నా ప్రశ్న తప్పని ఇప్పటికీ అనను. డార్విట్జ్ ఆడిన రోజుల్లో అమెరికాలో కూడా ఆడవాళ్ళకి బతుకుతెరువు ఇచ్చే హాకీ లీగ్ లేదు. ఒలింపిక్ పతకం మెడలో ఉన్నవాళ్ళు కూడా వేరే ఉద్యోగం చూసుకోవలసిందే. కాకపోతే నేను "తర్వాత ఏమిటి?" అని అడిగి, జవాబు వినకుండానే ఖాతా మూసేశాను.

పదమూడు వేల మంది

2024 జనవరి 6, శనివారం. సెయింట్ పాల్ నడిబొడ్డున ఉన్న పెద్ద అరీనాకి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. అప్పటికి దాని పేరు ఎక్సెల్ ఎనర్జీ సెంటర్. ఉత్తర అమెరికాలో మహిళల వృత్తి హాకీ లీగ్ కొత్తగా మొదలైన వారం అది. న్యూయార్క్, బోస్టన్, టొరాంటో, మాంట్రియల్, ఆటవా, మిన్నెసోటా, మొత్తం ఆరు జట్లు. మొదటి ఏడాది ఒక్కొక్క క్రీడాకారిణికి కనీస జీతం 35 వేల డాలర్లు అని ఒప్పందంలో రాశారు. అది గొప్ప జీతం కాదు, కానీ రాతపూర్వకమైన జీతం. మిన్నెసోటా జట్టుని కూర్చిన జనరల్ మేనేజరు మన ఈగన్ పిల్ల, డార్విట్జే. జట్టుకింకా ముద్దుపేరు కూడా పెట్టలేదు. చొక్కాలమీద "మిన్నెసోటా" అని మాత్రమే ఉంది.

లెక్క ప్రకటించారు: 13,316 మంది. అంతకు ముందు మహిళల వృత్తి హాకీ మ్యాచికి అంతమంది రాలేదట. అందులో ఎంతమంది చిన్నపిల్లలో! నా ముందు వరసలో ఒక తండ్రి, ముగ్గురు కూతుళ్ళు, ముగ్గురికీ ఒకే రకం చొక్కాలు. ఆట నాకు సగమే అర్థమైంది. బిళ్ళ ఎక్కడుందో కనిపించేసరికి అది ఇంకోచోట ఉండేది. మాంట్రియల్ మీద మిన్నెసోటా 3–0తో గెలిచింది. మూడు గోల్సూ గ్రేస్ జమ్‌వింకిల్ అనే ఒక్క అమ్మాయే కొట్టింది. ఒక్కరే మూడు గోల్స్ కొడితే జనం తమ టోపీలు తీసి ఐసుమీదికి విసరడం అక్కడి ఆచారం. మా మనవరాలు నా తలమీదున్న మంకీ క్యాప్ లాగబోయింది. అది మా ఆవిడ స్వహస్తాలతో అల్లింది కాబట్టి నేను ఇవ్వలేదు. ఈనాటికీ దానికి ఆ కోపం పోలేదు.

ఐదో అంతస్తులో మంచు

ఆ తర్వాతి వారం మా అమ్మాయి మమ్మల్ని సెయింట్ పాల్‌లోనే ఇంకో విచిత్రం చూపించడానికి తీసుకెళ్ళింది. పూర్వం పెద్ద డిపార్టుమెంటు స్టోరుగా ఉన్న భవనం. లిఫ్టెక్కి ఐదో అంతస్తుకి వెడితే, అక్కడ పూర్తి కొలతల ఐస్ రింకు! ట్రియా రింక్ అంటారు, 2018లో తెరిచారు. చీరల దుకాణం మేడమీద చెరువు తవ్వినట్టు ఉంది. హామ్లిన్ విశ్వవిద్యాలయం జట్టు ఆడేది ఇక్కడే. వృత్తి జట్టు అభ్యాసం చేసేదీ ఇక్కడే. డార్విట్జ్ కోచ్ జీవితంలో ముఖ్యమైన ఘట్టం నడిచిందీ ఇక్కడే.

ఒలింపిక్ జట్టు కెప్టెన్ కోచ్ అవుతుందంటే ఏ పెద్ద పదవిలోనో నేరుగా కూర్చుంటుందనుకుంటాం. ఆమె 2011లో కోచ్‌గా చేరింది ఈగన్‌కి దక్షిణాన ఉన్న లేక్‌విల్ సౌత్ అనే హైస్కూల్లో. మా భాషలో చెప్పాలంటే, జోనల్ ఆఫీసులో పనిచేసిన అధికారి తనంతట తాను అడిగి గ్రామీణ శాఖకి వెళ్ళడం. నాలుగేళ్ళు అక్కడ నేర్పింది. 2015లో హామ్లిన్‌కి వచ్చింది. అది చిన్న విశ్వవిద్యాలయం, అక్కడి పోటీలు మూడో శ్రేణివి. ఆ శ్రేణిలో ఆటకోసం స్కాలర్‌షిప్ ఇవ్వకూడదని నిబంధన. డబ్బు చూపించి మంచి క్రీడాకారిణుల్ని రప్పించే వీలు లేదు. వచ్చినవాళ్ళకే నేర్పుకోవాలి. ఆ వనరులతోనే 2019 నాటికి తన జట్టుని జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్ళింది. అక్కడా ఓటమే, మళ్ళీ రెండో స్థానమే.

2021లో తను చదివిన మిన్నెసోటా విశ్వవిద్యాలయానికే సహాయక కోచ్‌గా వెళ్ళింది. అక్కడ ఆమె చేతికింద ఆడిన వాళ్ళలో టేలర్ హైజ్ అనే అమ్మాయి ఉంది. 2023 సెప్టెంబరులో కొత్త లీగ్ మొదటి ఎంపికల్లో మొట్టమొదటి అవకాశం మిన్నెసోటాకి వస్తే, జనరల్ మేనేజరుగా డార్విట్జ్ పిలిచిన పేరు హైజ్‌దే.

"కెప్టెన్‌కీ కోచ్‌కీ తేడా ఏమిటమ్మా?" అని ఆ ఐదో అంతస్తులో అద్దం ముందు నిలబడి మా అమ్మాయిని అడిగాను.

అది కాసేపు ఆలోచించింది. "కెప్టెన్‌కి ఇబ్బందొస్తే తనే వెళ్ళి గోలు కొట్టొచ్చు నాన్నా. కోచ్ కొట్టకూడదు. కొట్టగలిగినా చేతులు కట్టుకుని నిలబడాలి. నాకు అదే కష్టంగా ఉంది."

అయిదేళ్ళు బ్రాంచి మేనేజరుగా చేసినవాణ్ణి నేను. క్లర్కు లెక్క తప్పితే చేతిలోంచి లాక్కుని నేనే వేసేవాణ్ణి. నా దగ్గర పనిచేసినవాళ్ళలో ఎంతమందికి నేను పని నేర్పాను, ఎంతమంది పని నేను చేసిపెట్టాను అని ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. లెక్క నాకు అనుకూలంగా రాలేదు.

నూట అరవై రూపాయలు

సంక్రాంతికి ముందు చలి వచ్చింది. మామూలు చలి కాదు, భోగినాడు సున్నాకి ఇరవై డిగ్రీలు కిందకి దిగింది. మా ఆవిడ ముగ్గు ఇంట్లో చెక్కనేల మీద వేసింది. అరిసెలు మాత్రం రుచిలో బరంపురాన్ని మించాయి. ఆ ఏడు సంక్రాంతి మార్టిన్ లూథర్ కింగ్ సెలవునాడే వచ్చింది కాబట్టి పిల్లలూ పెద్దలూ ఇంట్లోనే ఉన్నారు. బోర్డులు పెట్టిన చెరువులు చూస్తూండగా గట్టిపడ్డాయి.

కనుమ వెళ్ళాక కాస్త తెరిపి ఇచ్చింది. సాయంత్రం దీపాల వెలుగులో పార్కులో నీళ్ళు పోసి గడ్డ కట్టించిన ఐసుమీద మనవరాలు ఆడుతోంది. నేను మామూలు బూట్లతో, గోడ పట్టుకుని, అడుగు తీసి అడుగు వేస్తున్నాను. మా అమ్మాయి పక్కకొచ్చి నిలబడింది.

"నాన్నా, నా కర్ర ఏమైంది?"

పదిహేడేళ్ళలో మొదటిసారి అడిగింది. అబద్ధం చెప్పడానికి చాలా వీలుంది. చెదలు పట్టిందనొచ్చు, రవాణాలో పోయిందనొచ్చు. "రూర్కెలా ఖాళీ చేసేటప్పుడు పాత సామాన్లవాడికి ఇచ్చేశానమ్మా. రెండు కుర్చీలు, ఒక ఇనప మంచం, నీ కర్ర. అన్నిటికీ కలిపి నూట అరవై రూపాయలిచ్చాడు" అన్నాను. లెక్కలవాణ్ణి కదా, అంకె మరిచిపోలేదు.

"నూట అరవైకా!" అని నవ్వింది. కూతురి హెల్మెట్ పట్టీ బిగించి పంపించింది. తర్వాత మెల్లిగా అంది: "పోతే పోయింది. మీరు మానిపించారని కాదు నాన్నా. నన్ను ఒక్కమాట అడిగుంటే బాగుండేది."

నా దగ్గర జవాబు లేదు. చెంపలమీద నీరు గడ్డకట్టే చలి అని విన్నాను. నిజమే.

గెలుపు తర్వాత

తిరిగొచ్చాక కూడా ఆ జట్టుని నేను వదల్లేదు. యూట్యూబులో ఉచితంగా ప్రసారం చేసేవారు. సీజన్ చివర వరసగా అయిదు ఓడిపోయి, నాలుగో స్థానంతో గండం గట్టెక్కి, సెమీఫైనల్లో టొరాంటో చేతిలో మొదటి రెండూ ఓడి, తర్వాత మూడూ గెలిచారు. బోస్టన్‌తో ఫైనల్స్ అయిదు మ్యాచీలు. నాలుగోదాంట్లో అదనపు సమయంలో గోలు కొట్టి కప్పు గెలిచామని సంబరం చేసుకున్నాక, రిఫరీలు ఆ గోలు చెల్లదన్నారు. కాసేపటికే బోస్టన్ కొట్టి గెలిచింది. అలాంటి దెబ్బ తగిలాక ఎవరు లేస్తారు? మే 30 తెల్లవారుజామున నాలుగున్నరకి నేను బరంపురంలో సెల్‌ఫోను ముందు కూర్చున్నాను. అయిదో మ్యాచిలో మిన్నెసోటా 3–0తో గెలిచింది. మొదటి వాల్టర్ కప్పు వాళ్ళది. ఆ పోటీల్లో ఉత్తమ క్రీడాకారిణి టేలర్ హైజ్.

పక్షం రోజులు తిరక్కుండానే ఇంకో వార్త. లీగ్ సమీక్ష జరిపి, జనరల్ మేనేజరుగా డార్విట్జ్ బాధ్యతలు ముగిశాయని ప్రకటించింది. మా సర్వీసులో కూడా ఇది చూశాను. శాఖకి షీల్డు వచ్చిన నెలలోనే మేనేజరుకి బదిలీ ఉత్తర్వు వస్తుంది.

మా అమ్మాయికి ఫోన్ చేసి, "చూశావా తల్లీ, ఇంత చేసినా చివరికి ఇదీ!" అన్నాను.

"ఉద్యోగం పోయింది, నిజమే. బాధగానే ఉంది. కానీ ఆవిడ నేర్పింది తిరిగి తీసుకోలేరు కదా నాన్నా" అంది. వెనకాల మనవరాలు స్కేట్లు కనిపించడం లేదని అరుస్తోంది.

అదే జూన్ నెలలో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ కొత్తగా ఎంపికైనవారి పేర్లు ప్రకటించింది. అందులో నాటలీ డార్విట్జ్ పేరుంది. విశ్వవిద్యాలయంలో ఆమెతో కలిసి ఆడిన క్రిస్సీ వెండెల్ పోల్ పేరూ ఉంది. 2024 నవంబరులో టొరాంటోలో ఆ గౌరవం అందుకున్నారు. ఆ జట్టుకి తర్వాత "ఫ్రాస్ట్" అని పేరు పెట్టారు. 2025లో కూడా కప్పు వాళ్ళదే. అన్నట్టు, మన దేశంలోనూ ఈ ఆట ఉంది. లడఖ్ అమ్మాయిలే ఎక్కువగా ఉన్న మన మహిళల జట్టు 2025లో ఆసియా కప్పులో కాంస్యం తెచ్చింది.

చివరగా ఒక మనవి

కామర్సు విద్యార్థులకి మొదట నేర్పేది, ఏది ఖర్చో ఏది పెట్టుబడో విడదీసి రాయమని. నేను మా అమ్మాయి ఆటని ఖర్చు పద్దులో రాశాను. అది ఇన్నేళ్ళ తర్వాత వేరే దేశంలో, వేరే ఆటలో, వేరేవాళ్ళ పిల్లలకి తల ఎత్తడం నేర్పడానికి పనికొచ్చింది. పద్దు తప్పు రాసింది నేను.

మన సంఘం బరంపురం శాఖ ఉగాది పోటీల్లో ఆడపిల్లలకి ఏళ్ళ తరబడి ముగ్గులు, నిమ్మకాయ–చెంచా పందెం, మ్యూజికల్ చైర్సు పెడుతున్నాం. ఈ సంవత్సరం ఆడపిల్లలకి హాకీ శిక్షణ కోసం పన్నెండు కర్రలు కొందామని కార్యవర్గంలో ప్రతిపాదించాను. ఒక పెద్దమనిషి, "బాగానే ఉందండీ, కానీ ఆడి, తర్వాత ఏమిటి?" అని అడిగారు. ఆయన్ని నేనేమీ అనలేకపోయాను. ఆ ప్రశ్న నాది. జవాబుగా ఈ వ్యాసం రాశాను.

కర్రలు వచ్చాయి. ఆదివారం ఉదయం ఆరున్నరకి మొదలు. ఇప్పటికి ఏడుగురు పేర్లు ఇచ్చారు, ఐదు కర్రలు ఖాళీగా ఉన్నాయి. పంపదలచుకున్న తల్లిదండ్రులు నాకు కబురు చెయ్యండి. అయితే ఒక్క షరతు, ముందు పిల్లని అడిగి మరీ పంపండి.